వేలం మధ్యలో ఆపేయవచ్చా?

(కమ్యూనిటీ రేడియోలో ప్రసారమైన ప్రసంగానికి అక్షరరూపం)

 

కార్యక్రమం నిర్వాహకులు నన్ను "పాత సామాను ఆన్‌లైన్‌లో అమ్ముకోవడం గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. అమ్మడం ఎలాగో చెప్పేవారు చాలామంది ఉన్నారు. ఫోటో ఎలా తీయాలి, పెట్టెలో ఎలా సర్దాలి, ఇవన్నీ వెతికితే దొరుకుతాయి. నా వృత్తి సాఫ్ట్‌వేర్ కన్సల్టింగ్. అందుకని స్నేహితులు ఇలాంటి విషయాల్లో నాకు ఫోన్ చేస్తుంటారు. వారు ఎక్కువగా అడిగేది ఎలా అమ్మాలి అని కాదు. "ఈబేలో వేలం పెట్టాను, ఇంకా మూడు రోజులుంది, ఇప్పుడు ఆపేయవచ్చా?" అని. అందుకే ఈ పూట ఆ ఒక్క ప్రశ్న గురించే మాట్లాడతాను.

ఈ ప్రశ్న మనవాళ్ళకు ఎందుకు ఎక్కువ వస్తుందో మీకు తెలిసిందే. ఉద్యోగం పోయి వీసా గడువు ముంచుకొస్తుంది. లేకపోతే అమ్మానాన్నల ఆరోగ్యం బాగాలేక ఇండియా తిరిగి వెళ్ళిపోదామని నిర్ణయించుకుంటారు. లేదా న్యూజెర్సీ నుంచి టెక్సాస్‌కు మారుతుంటారు. ఇల్లంతా నెలలో ఖాళీ చేయాలి. సోఫాలు, మంచాలు చుట్టుపక్కలవారికి ఇచ్చేస్తాం. కెమెరా, కీబోర్డు, గడియారం, క్రికెట్ బ్యాట్ మీద సంతకాలు, పాత గ్రామఫోన్ రికార్డులు, ఇలా ధర ఎంతో మనకే తెలియని వస్తువులు వేలానికి వెళతాయి. ధర తెలియదు కాబట్టే వేలం. ధర తెలియదు కాబట్టే మధ్యలో భయం.

ముందుగా ఈ వేలం మనకు తెలిసిన వేలంపాట లాంటిది కాదని గుర్తు పెట్టుకోవాలి. వినాయక నిమజ్జనం రోజు బాలాపూర్ లడ్డూ పాట చాలామంది టీవీలో చూసే ఉంటారు. 1994లో 450 రూపాయలకు మొదలైన ఆ పాట 2025లో 35 లక్షల దాకా వెళ్ళింది. అక్కడ పాట ఎప్పుడు ముగుస్తుంది? "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి" అనేవరకు. మూడోసారి అనబోతుండగా ఎవరో వెనకనుంచి చెయ్యెత్తితే మళ్ళీ ఒకటోసారి నుంచి మొదలు. అంటే ఎవరూ పై మాట అననంతవరకే ఆగుతుంది. గడియారంతో పని లేదు.

ఈబే 1995లో మొదలైనప్పటినుంచీ గడియారంతోనే నడుస్తోంది. ఒక రోజు, మూడు, ఐదు, ఏడు, పది రోజులు, ఏదో ఒకటి మనం ఎంచుకుంటాం. ఆ నిమిషం రాగానే తలుపు మూసేస్తారు. ఆఖరి క్షణంలో ఎవరు ఎంత పాడినా గడువు పొడిగించరు. అందువల్ల ఏం జరుగుతుందంటే, తెలివైన కొనుగోలుదారులు మొదటి ఆరు రోజులూ నోరు మెదపరు. ఏడోరోజు ఆఖరి నిమిషంలో వచ్చి పాడతారు. 2002లో ఆల్విన్ రాత్, యాక్సెల్ ఆకెన్‌ఫెల్స్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఈ విషయం మీదే ఒక పరిశోధన పత్రం రాశారు. అప్పట్లో అమెజాన్ కూడా వేలం నడిపేది. అక్కడ ఆఖరి పది నిమిషాల్లో ఎవరైనా పాడితే గడువు పెరిగేది, అంటే మన లడ్డూ పాట లాగే. అక్కడ ఆఖరి నిమిషం పాటలు తక్కువ, ఈబేలో చాలా ఎక్కువ అని వారు తేల్చారు. ఆ రాత్‌కే తరవాత 2012లో, వేరే కృషికి, నోబెల్ బహుమతి వచ్చింది.

మన ప్రశ్నకు దీనితో ఏమిటి సంబంధం అంటారా? చాలా ఉంది. మూడోరోజు కనబడే ధర చూసి "అయ్యో, ఇంతేనా" అని బెంబేలు పడి వేలం ఆపేసేవారు, అసలు కొనేవారు రాకముందే దుకాణం కట్టేస్తున్నారన్నమాట.

ఇంకో సంగతి. తెర మీద కనబడే ధర, ముందున్న పాటదారు ఇవ్వడానికి సిద్ధపడ్డ ధర ఒకటి కాదు. ఇది చాలామందికి తెలియదు. ఒక లెక్క చెబుతాను, కాగితం అక్కర్లేదు, వినండి.

మీరు ఒక వస్తువు 10 డాలర్లతో మొదలుపెట్టారు. ఒకాయన వచ్చి "నేను 80 దాకా ఇస్తాను" అని యంత్రానికి చెప్పాడు. ఆ 80 మీకు కనబడదు. తెర మీద 10 అనే ఉంటుంది. తరవాత ఒకావిడ వచ్చి "నేను 120 దాకా ఇస్తాను" అంది. ఇప్పుడు తెర మీద ఎంత కనబడుతుంది? 120 కాదు. మొదటాయన 80 మీద ఒక మెట్టు, అంటే 81. ఆ స్థాయిలో మెట్టు ఒక డాలరు. ఆవిడ మనసులో ఉన్న మిగతా 39 డాలర్లూ యంత్రం దాచిపెడుతుంది. ఆఖరి నిమిషంలో మూడో మనిషి వచ్చి 150 దాకా సిద్ధమన్నాడనుకోండి. 100 దాటాక మెట్టు రెండున్నర డాలర్లు కాబట్టి వస్తువు 122 డాలర్ల 50 సెంట్లకు పోతుంది. అంటే గెలిచినవారు తమ లెక్కన కాదు, రెండో స్థానంలో ఉన్నవారి లెక్కన ఇస్తారు. ఇలా రెండో ధరకు ఇచ్చే వేలం గురించి విలియం విక్రీ అనే ఆయన 1961లోనే సిద్ధాంతం రాశారు. ఆయనకు 1996లో నోబెల్ వచ్చింది.

ఇప్పుడు మన కథలోకి దుష్టపాత్ర ప్రవేశిస్తుంది. తెర మీద 81 ఉండగా మీకు ఒక సందేశం వస్తుంది. "సార్, మీ వస్తువు నాకు బాగా నచ్చింది. మా అమ్మాయి పుట్టినరోజుకి కావాలి. 100 డాలర్లు ఇస్తాను. వేలం ఆపేసి నాకు ఇచ్చేయండి." 81 కన్నా 100 ఎక్కువే కదా అని మనకు ఆశ పుడుతుంది. చేతిలో పడ్డ డబ్బే డబ్బు అనిపిస్తుంది. అసలు పుట్టినరోజు నిజమే కావచ్చు కూడా. కాని ఆ మనిషికి నిజంగా 100 ఇవ్వాలని ఉంటే పాటలోనే 100 అని పాడవచ్చు కదా? ఎందుకు పాడలేదు? పాటలో పాడితే పదిమందితో పోటీ. సందేశం పంపితే మీ తొందరతో మాత్రమే పోటీ. ఆ వస్తువు ఎంతకు పోతుందో మీకు తెలియకపోయినా ఆయనకు బాగా తెలుసు. అందుకే మీరు ఎంత తొందరలో ఉన్నారో కనుక్కోవడానికి "మీరు ఇండియా ఎప్పుడు వెళుతున్నారు?" అని ఆప్యాయంగా అడుగుతాడు.

ఇలా బయట బేరం కుదుర్చుకోవడం ఈబే నిబంధనలకు విరుద్ధం. ఈబేలో పరిచయమైన మనిషితో ఈబే బయట అమ్మకం జరపకూడదు. ఇది వాళ్ళ రుసుము కోసం పెట్టిన నియమమే, ఒప్పుకుంటాను. చాలా రకాల వస్తువుల మీద ఆ రుసుము 13 శాతం పైచిలుకు ఉంది. ఆ 13 శాతం మిగులుతుంది కదా అని చాలామంది మనవాళ్ళు ఆలోచిస్తారు. కాని బయట ఇచ్చిన చెక్కు చెల్లకపోతే, డబ్బు పంపినట్టు వచ్చిన ఈమెయిల్ దొంగదైతే, మీ తరఫున మాట్లాడేవారు ఎవరూ ఉండరు. ధర కన్నా ఎక్కువకు చెక్కు పంపి "మిగతాది మా మూవర్స్‌కి ఇచ్చేయండి" అనేవాడు కూడా ఈ తోవలోనే వస్తాడు. ఆ చెక్కు రెండువారాల తరవాత వెనక్కి వస్తుంది. అప్పటికి మీ వస్తువూ ఉండదు, మీ డబ్బూ ఉండదు.

సరే, ఇక నియమాల సంగతి. అమెరికా ఈబే నియమాలు చెబుతున్నాను. మిగతా దేశాలలో ఉన్నవారు తమ దేశపు పేజీ ఒకసారి చూసుకోండి.

ఒక్క పాట కూడా రాకపోతే ఇబ్బంది లేదు. మీ వస్తువు, మీ ఇష్టం. ఎప్పుడైనా తీసేయవచ్చు.

పాటలు వచ్చాక ఒక గీత ఉంది. ఆ గీత 12 గంటలు. గడువుకు ఇంకా 12 గంటలకు మించి సమయం ఉంటే మీకు రెండు దారులున్నాయి. ఒకటి, వచ్చిన పాటలన్నీ రద్దు చేసి వేలం ఆపేయడం. రెండు, ఆ క్షణంలో ముందున్న పాటదారుకే, తెర మీదున్న ధరకే అమ్మేయడం. గడువుకు 12 గంటలలోపు ఉంటే మొదటి దారి మూసుకుపోతుంది. పాటలు రద్దు చేసి పక్కకు తప్పుకోవడానికి వీల్లేదు.

ఈ 12 గంటల గీత కొనేవారికి కూడా ఉంది. పాడినవారు పొరపాటున 100 బదులు 1000 అని కొడితే వెనక్కు తీసుకోవచ్చు. కాని ఆఖరి 12 గంటల్లో పాడినదైతే, పాడిన గంటలోపలే వెనక్కు తీసుకోవాలి. అంటే చివరి రాత్రికి రెండువైపులా మాట గట్టిపడాలన్నదే వారి ఉద్దేశం. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే కమిట్ అయ్యేలోపల రోల్‌బ్యాక్ ఉంటుంది, కమిట్ అయ్యాక ఉండదు. మన పెద్దల భాషలో చెప్పాలంటే తాంబూలాలు పుచ్చుకునేముందు ఎన్నయినా మాట్లాడుకోవచ్చు, పుచ్చుకున్నాక కాదు.

ఆపడానికి కారణం కూడా ఉండాలి. వస్తువు పోయింది, పగిలింది, అమ్మకానికి లేకుండా పోయింది, లేదా ప్రకటనలో తప్పు దొర్లింది. ఇవీ వారు ఒప్పుకునే కారణాలు. "ఇంకా ఎక్కువ వస్తుందనుకున్నాను" అనేది కారణం కాదు. "బయట బేరం కుదిరింది" అనేది అసలే కాదు. పాటలు వచ్చాక ఆపితే, అప్పటికి ఉన్న అత్యధిక పాట మీద, వస్తువు అమ్ముడుపోయి ఉంటే ఎంత రుసుము కట్టేవారో అంత వసూలు చేసే హక్కు ఈబే పెట్టుకుంది. మాటిమాటికీ ఇలా ఆపేవారి ఖాతా మీద ఆంక్షలు కూడా పెట్టవచ్చు.

ఆపే పద్ధతి కష్టమేమీ కాదు. మీ ఖాతాలో అమ్మకాల పేజీకి వెళ్ళి, నడుస్తున్న ప్రకటనల్లో ఆ వస్తువు పక్కన ఉన్న 'మోర్ యాక్షన్స్' లోంచి 'ఎండ్ లిస్టింగ్' ఎంచుకుంటే కారణం అడుగుతుంది. రెండు నిమిషాల పని. పని సులువు కాబట్టే ముందు ఆలోచించమంటున్నాను.

నాకు తెలిసిన ఒక మిత్రుడి సంగతి చెబుతాను. ఆయన తండ్రిగారు తెనాలిలో ఫోటో స్టూడియో నడిపేవారు. ఆయన పోయాక మిత్రుడు ఇక్కడికి ఒక పాత యాషికా కెమెరా తెచ్చుకున్నాడు. ఎనిమిదేళ్ళు అలమరలో ఉంది. పోయిన వేసవిలో ఇల్లు మారుతూ, వాడనిది ఎందుకులే అని వేలానికి పెట్టాడు. తొమ్మిది పాటలు వచ్చాయి. ధర 146 డాలర్లయింది. ఇంకా రెండు రోజులుంది. ఆ శనివారం వాళ్ళ అమ్మగారితో ఫోన్‌లో మాట్లాడుతుంటే కోడలు మాటల్లో చెప్పేసింది.

ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదట. తరవాత, "అమ్మితే అమ్మావులే నాయనా. మీ అక్క పెళ్ళికి మీ నాన్నగారు స్టూడియోలో లైట్లతో సహా అన్నీ అమ్మేశారు. అదొక్కటే దాచుకున్నారు. నీకు ఆ సంగతి తెలియదుగా" అన్నారట. తిట్టలేదు, ఏడవలేదు. అంతే అన్నారు.

మిత్రుడు నాకు ఫోన్ చేశాడు. "ఆపితే తప్పా?" అని అడిగాడు. తప్పో ఒప్పో చెప్పడానికి నేనెవర్ని? నియమం ప్రకారం అమ్మగారి మౌనం అనేది ఆ జాబితాలో లేదు. కాని సమయం 12 గంటలకు మించి ఉంది. ఆ వస్తువు నిజంగానే అమ్మకానికి లేదు, ఇక ఎవరికీ ఎంతకూ అమ్మడు. కాబట్టి కారణం దగ్గర అదే ఎంచుకోమన్నాను. పోయిందనీ, పగిలిందనీ అబద్ధం మాత్రం ఆడవద్దన్నాను. రుసుము పడితే కట్టడానికి సిద్ధపడమన్నాను. ఆ తరవాత పాడినవారికి తనంతట తాను రాయమన్నాను. అతను రాశాడు: "ఇది మా నాన్నగారి కెమెరా. అమ్మకానికి పెట్టేముందు ఇంట్లో అడగాల్సింది. మీ సమయం వృథా చేసినందుకు క్షమించండి" అని. ఒకాయన కోపంగా జవాబిచ్చాడు. ఆ కోపం న్యాయమైనదే, రెండురోజులు ఎదురుచూశాడు మరి. ఇంకొకావిడ, "ఫిల్ము వేసి మీ అమ్మగారి ఫోటో తీయండి" అని రాసింది.

ఇదే పని బయట 60 డాలర్లు ఎక్కువ వస్తున్నాయని చేసి ఉంటే? మీట నొక్కేది అదే, తెర మీద వచ్చేది అదే. కాని అది వేరే పని. మొదటిదానిలో అమ్మేవాడు నష్టపోయి మాట వెనక్కు తీసుకున్నాడు. రెండోదానిలో పాడినవారి పాటను ధర పెంచే నిచ్చెనగా వాడుకుని, ఎక్కాక తన్నేశాడు. నియమాల పుస్తకం ఈ రెండిటినీ అంత సూక్ష్మంగా వేరు చేయలేకపోవచ్చు. మనం చేయగలం.

ఒకోసారి మొత్తం వేలం ఆపనవసరం లేదు, ఒక్క పాటదారుతోనే ఇబ్బంది. పాడినాయన తానే వద్దంటున్నాడు, లేదా మీరు పంపనని చెప్పిన దేశంలో ఉన్నాడు, లేదా అతనెవరో తేల్చుకోలేకపోతున్నారు. అప్పుడు ఆ ఒక్క పాటనే రద్దు చేయవచ్చు. ఆ ఖాతా మళ్ళీ పాడకుండా అడ్డుకునే జాబితాలో చేర్చుకోవచ్చు. ఎలుకకు భయపడి ఇల్లు తగలబెట్టుకోనక్కర్లేదు. అలాగే వివరణలో చిన్న విషయం మరిచిపోతే, సమయం ఉండగా అదనపు వివరం కింద చేర్చే వీలుంది. వస్తువు స్వరూపాన్నే మార్చేసే తప్పయితే మాత్రం ఆపి, సరిచేసి, మళ్ళీ పెట్టడమే మర్యాద.

మరి ఆఖరి 12 గంటల్లో వస్తువు నిజంగానే పగిలితే? మన పిల్లలు ఉండనే ఉన్నారు కదా. అప్పుడు గడువు ముగిసేదాకా ఆగి, గెలిచినవారికి వెంటనే నిజం రాసి, ఫోటో పంపి, అమ్మకం రద్దు చేసి డబ్బు వాపసు ఇవ్వాలి. మీ ఖాతా మీద ఒక మచ్చ పడుతుంది. పగిలినదాన్ని జిగురు పెట్టి పంపితే పడే మచ్చ కన్నా అది నయం.

ఇక చట్టం. నేను లాయరును కాను. ఇవి కేవలం తెలిసిన సంగతులు. అమెరికాలో సరుకుల అమ్మకానికి సంబంధించిన యూనిఫాం కమర్షియల్ కోడ్‌లో 2-328 అనే సెక్షను వేలాల గురించే ఉంది. "కనీస ధర లేకుండా అమ్మేస్తాం" అని స్పష్టంగా ప్రకటించకపోతే, సుత్తి దెబ్బ పడేలోపల అమ్మేవాడు వస్తువును వెనక్కు తీసుకోవచ్చని అది సాధారణ సూత్రంగా చెబుతుంది. అలా ప్రకటించి, పాటలు పిలిచాక, సమంజసమైన సమయంలో ఒక పాట వచ్చిందంటే వెనక్కు తీసుకోవడానికి వీలుండదు. అంటే ప్రకటనలో మీరు వాడే మాటలకు విలువ ఉంది.

సుత్తి దెబ్బ పడ్డాక ఏమవుతుందో ఆస్ట్రేలియాలో ఒక కేసు చెబుతుంది. 2006లో ఒకాయన రెండో ప్రపంచయుద్ధం నాటి విర్రవే విమానాన్ని ఈబేలో వేలానికి పెట్టాడు. కనీస ధర 1,50,000 ఆస్ట్రేలియా డాలర్లు. ఒకాయన సరిగ్గా అంతే పాడాడు, వేలం ముగిసింది. అమ్మినాయన ఇవ్వనన్నాడు, ఎందుకంటే అప్పటికే ఇంకొకరితో 1,00,000 డాలర్లు ఎక్కువకు ఒప్పుకున్నాడు. 2007లో న్యూ సౌత్ వేల్స్ సుప్రీంకోర్టు, ఆన్‌లైన్ వేలమైనా ఒప్పందం ఒప్పందమే, విమానం ఇచ్చేయమని తీర్పు చెప్పింది.

జర్మనీలో ఇంకా గట్టిది. ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్ వైపునుంచి వింటున్న మనవాళ్ళు కొంచెం చెవిన పెట్టాలి. అక్కడ ఒకాయన పాత ఫోక్స్‌వాగన్ పసాట్ కారును ఒక యూరోతో మొదలుపెట్టాడు. ఒకాయన 555 యూరోల 55 సెంట్ల దాకా సిద్ధమని పాడాడు. ఇంకెవరూ పాడలేదు కాబట్టి ధర ఒక యూరో దగ్గరే ఉంది. కొన్ని గంటలకే అమ్మేవాడు వేలం ఆపేసి, బయట 4,200 యూరోలకు కొనేవారు దొరికారని చెప్పాడు. పాడినాయన కోర్టుకు వెళ్ళాడు. 2014 నవంబరులో జర్మనీ అత్యున్నత సివిల్ న్యాయస్థానం పాడినాయనదే న్యాయమంది. కారు విలువ 5,250 యూరోలు, ఆయన పాట ఒక యూరో, కాబట్టి నష్టపరిహారం 5,249 యూరోలు! తక్కువ ధరతో మొదలుపెట్టే సాహసం చేసింది అమ్మేవాడే, కారణం లేకుండా మధ్యలో ఆపి ఆ నష్టాన్ని కొనితెచ్చుకున్నదీ అతనే అని కోర్టు భావం.

అదే న్యాయస్థానం 2011లో ఇంకో కేసులో, వేలం మధ్యలో కెమెరా దొంగతనానికి గురయింది కాబట్టి ఆపానన్న మనిషిని తప్పు పట్టలేదు. రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టుకుంటే విషయం తేటగా ఉంటుంది. మన చేతిలో లేనిది జరిగితే ఒక లెక్క, మన ఆశ పెరిగితే ఒక లెక్క.

చివరిగా, ఆపే అవసరమే రాకుండా ముందే ఏం చేయవచ్చో చెప్పి ముగిస్తాను.

ఒకటి. ఎంతకన్నా తక్కువకు పోతే మీకు నిద్ర పట్టదో ఆ ధరతోనే మొదలుపెట్టండి. 99 సెంట్లతో మొదలుపెడితే జనం ఎక్కువ వస్తారన్నది కొంత నిజం. కాని 99 సెంట్లకు పోయినా నవ్వుతూ పెట్టెలో సర్దగలిగితేనే అలా పెట్టండి. లేదా కనిపించని కనీస ధర పెట్టుకోండి. దానికి అదనపు రుసుము ఉంటుంది.

రెండు. తొందర ఉంటే 'బై ఇట్ నౌ' ధర కూడా పెట్టండి. అది మొదలు ధర కన్నా కనీసం 30 శాతం ఎక్కువ ఉండాలి. పుట్టినరోజు కానుక కావలసినాయన సందేశాలు రాయకుండా నేరుగా ఆ మీటే నొక్కుకుంటాడు. మొదటి పాట పడ్డాక ఆ మీట మామూలుగా మాయమవుతుందని గుర్తుంచుకోండి.

మూడు. విమానం టికెట్టు తేదీ చూసుకుని రోజులు ఎంచుకోండి. గెలిచినవారు డబ్బు కట్టడానికి నాలుగు రోజులు తీసుకోవచ్చు. కొత్తగా అమ్మేవారి సొమ్మును కొన్నాళ్ళు ఆపి ఉంచడం కూడా మామూలే. పెట్టె కట్టి పోస్టాఫీసుకు వెళ్ళాలి. పదిహేనో తేదీ ప్రయాణం పెట్టుకుని పన్నెండో తేదీకి ముగిసే వేలం పెడితే, ఆపక తప్పని పరిస్థితి మనం చేతులారా తెచ్చుకున్నట్టే. వేలం ముగిసే ఘడియ కూడా ఆదివారం సాయంత్రమో, జనం ఇళ్ళలో ఉండే వేళో చూసుకోండి. అర్ధరాత్రి మూడింటికి ముగిసే పాటకు ఎవరు కాపు కాస్తారు?

నాలుగు. బయట బేరంతో సందేశం వస్తే ఒక్కటే జవాబు: "మీ ఆసక్తికి ధన్యవాదాలు. దయచేసి వేలంలో పాడండి." అంతకు మించి ఒక్క మాట కూడా అక్కర్లేదు. మీరు ఇండియా ఎప్పుడు వెళుతున్నారో చెప్పనే వద్దు.

ఐదు. ఇది అన్నిటికన్నా ముఖ్యం, ఖర్చు లేనిది. వస్తువు ఫోటో తీసేముందు ఇంట్లో అందరినీ అడగండి. ఇక్కడ ఉన్న భార్యాభర్తల్ని, పిల్లల్ని మాత్రమే కాదు. అక్కడున్న అమ్మని, నాన్నని, అక్కని, బాబాయిని కూడా. మనం సూట్‌కేసులో తెచ్చుకున్న ప్రతి పాత వస్తువుకీ మనకు తెలియని కథ ఒకటి ఉండే అవకాశం ఉంది. ఆ కథ ప్రకటన పెట్టకముందు తెలిస్తే రుసుము లేదు, క్షమాపణ లేదు, 12 గంటల లెక్క లేదు. పైగా ఒక అరగంట అమ్మతో మాట్లాడినట్టు ఉంటుంది.

వేలం అంటే తెలియని పదిమంది మన మాటను నమ్మి నిలబడటం. ఆపే హక్కు ఉంది, ఆపవలసిన రోజులూ ఉంటాయి. ఆ రోజు వస్తే నిజం చెప్పి, నష్టం మనం భరించి, తొందరగా ఆపుదాం. రాకపోతే గడియారాన్ని తన పని తనని చేసుకోనిద్దాం.

మీ సందేహాలు ఏమైనా ఉంటే కార్యక్రమం నిర్వాహకులకు రాయండి, తెలిసినంతవరకు జవాబు చెబుతాను.